లిథియం వైద్యుడు జాన్ కేడ్

ఉన్మాదానికి మందు ఉన్నదంటే, అదీ ఉప్పు వంటి ఒక సామాన్య లవణమేనంటే, 1948కి పూర్వం వైద్యులు కూడా నమ్మి ఉండరు. ఆ లవణాన్ని వెదకి తెచ్చినవారు ఆస్ట్రేలియా దేశస్థుడైన డాక్టర్ జాన్ కేడ్.

ఆయన 1912లో విక్టోరియా రాష్ట్రంలోని మర్టోవా పట్టణంలో జన్మించారు. తండ్రి మానసిక వైద్యశాలలలో వైద్యుడు కావడంచేత బాల్యం చాలావరకు ఆ ఆవరణలలోనే గడిచింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా సింగపూరుకు వెళ్ళి, 1942 నుండి 1945 వరకు చాంగీలో జపానువారి చెరలో మగ్గారు. మతి చలించిన తోటి ఖైదీలను చూచినప్పుడు, ఈ వ్యాధికి మూలం శరీరంలోనే ఉండవచ్చునన్న అనుమానం ఆయనకు బలపడింది.

విడుదలైన పిదప మెల్బోర్న్ సమీపంలోని బండూరా వైద్యశాలలో, వాడుకలో లేని ఒక వంటగదిని ప్రయోగశాలగా చేసుకొన్నారు. రోగుల మూత్రపు సీసాలను ఇంటి రిఫ్రిజిరేటర్‌లో దాచేవారట! ఆ ఇల్లాలి సహనాన్ని కూడా ఇక్కడ స్మరించవలసిందే. మూత్రంలోని యూరిక్ ఆమ్లాన్ని గినీ పందులకు ఎక్కించి పరీక్షించాలనుకొన్నారు. అది నీటిలో సులభంగా కరగదు; లిథియంతో కూడిన లవణమైతే కరుగుతుంది. ఆ విధంగా లిథియం ప్రవేశించింది. దానిని పొందిన జంతువులు మందకొడిగా, శాంతంగా పడి ఉన్నాయి. అవి విషప్రభావంతోనే అట్లా ఉండి ఉంటాయని తరువాతివారు కొందరు భావించారు. కేడ్ మాత్రం ఆ మందును మొదట తానే సేవించి, హాని లేదని తెలుసుకొని, 1948 మార్చిలో ఒక రోగికి ఇచ్చారు.

ఆ రోగి వయస్సు 51 సంవత్సరాలు. ఐదేళ్ళుగా ఎడతెగని ఉద్రేకంతో వార్డును అల్లకల్లోలం చేస్తున్నవాడు. కొద్ది వారాలలో కుదుటపడి, జూలైలో ఇంటికి వెళ్ళి, పాత ఉద్యోగంలో చేరాడు. బాగున్నానన్న ధీమాతో మందు మానివేశాడు, ఉన్మాదం తిరగబెట్టింది. మళ్ళీ మందు, మళ్ళీ ఉపశమనం, కాని శరీరంలో లిథియం మోతాదు మించింది. 1950లో ఆ విషంతోనే మరణించాడు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె కలచివేసే ఘట్టం ఇదే. 1949 సెప్టెంబరులో తన ఫలితాలను లోకానికి ప్రకటించిన కేడ్, ఆ మందును తానే కొంతకాలం పక్కన పెట్టవలసివచ్చింది.

లిథియం రసాయనికంగా మన ఉప్పులోని సోడియంకు దగ్గరి చుట్టం. మూత్రపిండాలు రెంటినీ ఇంచుమించు ఒకే రీతిగా చూస్తాయి. ఒంటిలో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పేరుకొంటుంది. లీటరు రక్తరసంలో సుమారు 0.6 నుండి 1 మిల్లీమోల్ వరకు ఉంటే ఔషధం, 1.5 దాటితే ప్రమాదం. మెదడు కణాలలోని సంకేతాలను అది ఎట్లా నెమ్మదింపజేస్తుందో శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. ఉద్రేకం, విషాదం అనే రెండు కొసలకూ మనస్సు ఊగిపోకుండా అది నిలుపుతుంది, ఆత్మహత్యలను తగ్గిస్తుంది. ఉద్రేకంలోని ఉత్సాహం పోయిందన్న వెలితితోనే చాలామంది దానిని మానివేస్తారు.

రక్తంలో లిథియంను కొలుస్తూ మందిచ్చే పద్ధతిని మెల్బోర్న్‌లోనే ట్రాట్నర్ మొదలైనవారు రూపొందించారు. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ దాని గుణాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించి చూపారు. అమెరికా ప్రభుత్వం 1970లో అనుమతించింది. అప్పటికి ఆ మొదటి రోగి మరణించి ఇరవై ఏళ్ళు. కేడ్ 1977 వరకు రాయల్ పార్క్ వైద్యశాలను నడిపి, 1980 నవంబరులో కన్నుమూశారు.