నీషే జీవితము: బలమా? బలహీనతయా?

మన మతమును నిందించినవారి జీవితములను కూడ మనము తెలిసికొనుట మేలు. మిత్రుడు చెప్పని తప్పును ఒక్కొక్కసారి విరోధి చూపును. అట్టివారిలో జర్మను తత్త్వవేత్త ఫ్రెడరిక్ నీషే ముఖ్యుడు.

అతడు 1844 అక్టోబరు 15వ తేదీన రోకెన్ అను గ్రామములో లూథరను సంఘకాపరి యింట జన్మించెను. తాతలిద్దరును కాపరులే. అతనికి ఐదేండ్లు నిండకముందే, 1849లో తండ్రి మరణించెను. మరుసటి యేట చిన్న తమ్ముడును పోయెను. తల్లి ఫ్రాన్సిస్కా మిగిలిన యిద్దరు పిల్లలతో నౌంబుర్గ్ పట్టణము చేరెను. కుమారుడు 1864లో బాన్ విశ్వవిద్యాలయమున దైవశాస్త్రము చదువనారంభించి, ఏడాదిలోపలనే విశ్వాసము విడిచి ఆ చదువు మానెను. తల్లి మిక్కిలి దుఃఖించెను. 1869లో, 24 ఏండ్లకే, అతడు స్విట్జర్లాండులోని బాసెల్‌లో ఆచార్యుడాయెను. తీవ్రమైన తలనొప్పి, కంటి జబ్బు బాధింపగా 1879లో ఉద్యోగము వదలి, అద్దెగదులలో ఒంటరిగా ఉండి గ్రంథములు వ్రాసెను.

నీతి యెట్లు పుట్టెనో 1887లో ఒక గ్రంథమున అతడు విచారించెను. అతని వాదమిది: పూర్వము బలవంతులు తమ శౌర్యమునే మంచి అనుకొనిరి. వారికి లోబడినవారు పగ తీర్చుకొనలేక, ఆ బలమునకు చెడుగు అనియు, తమ అశక్తతకు ఓర్పు, దీనత్వము అనియు పేర్లు పెట్టిరి. క్రైస్తవ నీతి అట్టి పగనుండి పెరిగినదనియు, జాలి మనుష్యుని క్రుంగదీయుననియు అతడు తలచెను. అయినను బలమనగా పరులను కొట్టుట మాత్రమే అని అతడు చెప్పలేదు. తన్ను తాను జయించుకొనుట గొప్ప బలమని యెంచెను.

ఈ నింద మనకు తగులునా? పెద్దల యెదుట నోరు మెదపక, ఇంటికి వచ్చి భార్యాబిడ్డలపై కేకలు వేయువాడు తన భయమును సాత్వికమనుకొనినయెడల తగులును. క్షమించితినని చెప్పి, పొరుగువాని చేను ఎండినప్పుడు లోలోపల సంతోషించువానికి తగులును. కాని మన ప్రభువునకు తగులదు. మత్తయి 26వ అధ్యాయము చూడుడి: దూతల సేనలను పిలువగలిగియు ఆయన పిలువలేదు. అది చేతకానితనము కాదు, ప్రేమచేత అణచుకొనిన బలము.

1889 జనవరిలో టూరిన్ నగర వీధిలో నీషే కూలిపోయెను, మతి చెడెను. ఇది దేవుని శిక్ష యని మనము తీర్పు తీర్చరాదు. యోబు స్నేహితులు ఆలాగు మాటలాడియే గద్దింపబడిరి. 1890 మొదలు 1897లో తాను చనిపోవువరకు ముసలితల్లి అతనిని ఇంట ఉంచుకొని సాకెను. ఆ తరువాత చెల్లెలు ఎలిజబెత్ వైమార్ నగరమున చూచెను. 1900 ఆగస్టు 25న అతడు మరణించి, రోకెన్‌లో తండ్రి సమాధి చెంత పాతిపెట్టబడెను. యూదులను ద్వేషించుటను అతడు అసహ్యించుకొనెను. అయినను తరువాత నాజీలు అతని పేరును తమ ద్వేషమునకు వాడుకొనిరి.

కుమారుడు తన విశ్వాసమును తృణీకరించెనని ఆ తల్లి అతనిని విడువలేదు. ఆమె జాలి పగనుండి పుట్టినది కాదు; అతనిని క్రుంగదీయలేదు, నిలువబెట్టెను. మన ఓర్పు భయమునుండి పుట్టినదా, ప్రేమనుండి పుట్టినదా? ఈ మాసమున మనలను మనమే పరీక్షించుకొందము.