గ్యాస్ గొట్టానికి బ్రేకులు వేసినాయన: జార్జ్ వెస్టింగ్‌హౌస్

వెస్టింగ్‌హౌస్ అనగానే మనలో చాలామందికి ఫ్రిజ్జో, టీవీయో గుర్తొస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకైతే ఎడిసన్‌తో కరెంటు గొడవ, టెస్లా గుర్తొస్తారు. నేను ఈ దేశం వచ్చి మెకానికల్‌లో మాస్టర్స్ చేసి, అందరిలాగే చివరికి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి. గ్యాస్ పైపులైన్ల మీద చదివిన ఒక్క కోర్సు పుణ్యమా అని ఆయన జీవితంలో ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక అధ్యాయం తెలిసింది. అదే మీతో పంచుకుందామని ఈ నాలుగు ముక్కలు.

వెస్టింగ్‌హౌస్ 1846లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టారు. తండ్రికి యంత్రాల కార్ఖానా ఉండేది. చదువు కంటే ఆ కార్ఖానాయే ఆయనకు బడి. అంతర్యుద్ధంలో సైన్యంలోనూ, నౌకాదళంలోనూ పనిచేసి వచ్చి, 1869లో, ఇంకా 23 ఏళ్ళు నిండకముందే, రైళ్ళకు ఎయిర్ బ్రేక్ మీద పేటెంటు తీసుకున్నారు. మొదటి పద్ధతిలో ఒక లోపం ఉంది. గొట్టం తెగితే గాలి పోతుంది, గాలి పోతే బ్రేకులే ఉండవు. నాలుగేళ్ళు తిరక్కుండానే దాన్ని తలకిందులు చేశారు. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, అది పడిపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అంటే ప్రమాదమే రక్షణను పిలుచుకొస్తుందన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇక గ్యాస్ కథ. పిట్స్‌బర్గ్‌కు సుమారు 20 మైళ్ళ దూరంలో ఉన్న మర్రీస్‌విల్‌లో 1878లోనే పెద్ద గ్యాస్ బావి పడింది. 1884లో వెస్టింగ్‌హౌస్ పిట్స్‌బర్గ్‌లోని తన ఇంటి పెరట్లోనే బోరు వేయించారు. సుమారు 1500 అడుగుల లోతున గ్యాస్ తగిలి, చెవులు చిల్లులు పడే హోరుతో పైకి తన్నింది. దాన్ని అదుపులోకి తేవడానికి కొన్ని రోజులు పట్టిందట. ఇరుగుపొరుగు ఏమనుకున్నారో మీరే ఊహించుకోండి!

గ్యాస్ దొరకడం ఒక ఎత్తు, దాన్ని ఊళ్ళోకి తేవడం ఇంకో ఎత్తు. నీళ్ళ గొట్టం లెక్కలు ఇక్కడ పనికిరావు. ఎక్కువ ఒత్తిడిలో గ్యాస్ తక్కువ చోటులో ఇముడుతుంది కాబట్టి బావి దగ్గర సన్నటి గొట్టం చాలు. కానీ దారిలో రాపిడి వల్ల ఒత్తిడి తగ్గేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి ఇంకా వేగంగా పరిగెడుతుంది. వేగం పెరిగితే నష్టమూ పెరుగుతుంది. అందుకని ఆయన ఊరికి దగ్గరయ్యేకొద్దీ గొట్టం వ్యాసం మెట్లు మెట్లుగా పెంచుకుంటూ వచ్చారు. దూరానికి ఎక్కువ ఒత్తిడి, ఇళ్ళకు తక్కువ ఒత్తిడి, నడుమ రెగ్యులేటర్లు. మేము క్లాసులో బట్టీపట్టిన వేమౌత్ సూత్రం 1912 నాటిది. ఆయన అంతకు పాతికేళ్ళకు పైగా ముందే ఈ పని చేశారు. తర్వాత రెండేళ్ళకే ట్రాన్స్‌ఫార్మర్లతో కరెంటుకు చేసిందీ ఇదే కదా!

అసలు భయం లీకులది. అప్పట్లో గ్యాస్‌కు వాసన కలిపేవారు కాదు. గొట్టాల అతుకుల్లోంచి జారిన గ్యాస్ మట్టిలోంచి నేలమాళిగల్లోకి చేరేది. దీనికి ఆయన గొట్టం చుట్టూ ఇంకో పెద్ద గొట్టం పెట్టి, జారిన గ్యాస్‌ను పట్టి బయటికి వదిలే ఏర్పాటు చేశారు. రెండో ప్రమాదం ఇంకా మోసపూరితమైనది. రాత్రి సరఫరా ఆగితే పొయ్యిలో మంట ఆరిపోతుంది. కాసేపటికి గ్యాస్ మళ్ళీ వస్తుంది, కానీ మంట ఉండదు. ఇంట్లోవాళ్ళు నిద్రలో ఉంటారు... అందుకే ఒత్తిడి పడిపోగానే దానంతటదే మూసుకునే కవాటం తయారుచేశారు. ఇంట్లో బర్నర్లన్నీ కట్టేస్తే గానీ అది మళ్ళీ తెరుచుకోదు. రైలు బ్రేకు ఆలోచనే వంటింట్లోకి వచ్చిందన్నమాట! గ్యాస్ ఒక్కదాని మీదే ఆయన 30కి పైగా పేటెంట్లు తీసుకున్నారు.

ఆ గ్యాస్ వల్ల పొగతో నల్లబడ్డ పిట్స్‌బర్గ్ ఆకాశం కొన్నేళ్ళు తేటపడింది. బావులు తగ్గుముఖం పట్టాక మళ్ళీ బొగ్గు, మళ్ళీ పొగ. 1907 ఆర్థిక సంక్షోభంలో వెస్టింగ్‌హౌస్ తాను పెట్టిన ఎలక్ట్రిక్ కంపెనీ మీద పట్టు కోల్పోయారు. 1914 మార్చి 12న కన్నుమూశారు. ఆయన ఇల్లున్న స్థలం ఇప్పుడు ఆయన పేరుతోనే పార్కు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2014 జూన్ 27న మన కోనసీమలో నగరం గ్రామం దగ్గర పైపులైను లీకై, గ్యాస్ ఊరి మీద పరుచుకుని, తెల్లవారుజామున నిప్పంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటల మధ్య పడుకున్నవాళ్ళకు ఏం జరుగుతోందో తెలిసే వ్యవధి కూడా లేదు. 130 ఏళ్ళకు పైగా క్రితం ఒకాయన వేసుకున్న ప్రశ్న ఒక్కటే: గొట్టం తప్పు చేస్తే ఏమవుతుంది? గ్యాస్ ఎంత తెస్తామన్న లెక్క కంటే ముందు ఆ ప్రశ్నకు జవాబు ఉండాలి.

ఈసారి మీ బేస్‌మెంట్‌లోకి వెళ్ళినప్పుడు వాటర్ హీటర్ కేసి ఒకసారి చూడండి. పాతకాలందైతే, చిన్న పైలట్ మంట ఆరిపోగానే గ్యాస్ కట్టేసే కవాటం అందులో ఉంటుంది. పరికరం వేరైనా ఆలోచన అదే. అలాగే ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు రెగ్యులేటర్, రబ్బరు ట్యూబు మార్చి ఎన్నాళ్ళయిందో ఒక్క మాట అడగండి.