బోధిధర్ముడు: చరిత్రలోని భిక్షువు, కథలోని యోధుడు

లోయాంగ్ నగరం ఉత్తర వేయి రాజ్యానికి రాజధానిగా వెలుగుతున్న కాలమది. 516వ సంవత్సరంలో రాజమాత హూ ఆ నగరంలో యోంగ్‌నింగ్ అనే ఆరామాన్ని, అందులో తొమ్మిది అంతస్తుల కొయ్యగోపురాన్ని నిర్మింపజేసింది. గోపురపు చూరులకు వేలాడే బంగారు గంటలు గాలికి మోగితే ఆ సవ్వడి చాలా దూరం వినిపించేదట. పడమటి దేశాల నుండి వచ్చిన ఒక వృద్ధ భిక్షువు ఆ కట్టడాన్ని చూసి నిలబడిపోయాడు. తన వయస్సు నూట యాభై ఏళ్లని చెప్పుకున్నాడు. ఎన్నో రాజ్యాలు తిరిగినా ఇటువంటి ఆరామాన్ని ఎక్కడా చూడలేదని మెచ్చుకొని, చేతులు జోడించి రోజుల తరబడి నమస్కార వచనం పలుకుతూ ఉండిపోయాడు. యాంగ్ షువాన్‌జీ అనే అధికారి 547లో రచించిన లోయాంగ్ ఆరామాల వృత్తాంతంలో ఈ ముచ్చట ఉన్నది. ఆ భిక్షువే బోధిధర్ముడు. ఆయనను గురించి మనకు దక్కిన తొలి సాక్ష్యాలలో ఇది ఒకటి. గోపురం 534లో అగ్నికి ఆహుతి అయింది. కనుక ఆయన లోయాంగ్‌లో ఉన్నది 516కు 534కు మధ్యనే అని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆయన జీవితంలో ఇంత కచ్చితంగా కాలం నిర్ణయించగల ఘట్టం మరొకటి లేదు.

ఈ వృద్ధ భక్తుని రూపానికీ, నేడు మన యువకులకు పరిచయమైన రూపానికీ పోలిక కనబడదు. కరాటే, కుంగ్‌ఫూ నేర్పే శిక్షణశాలల గోడలపై గుబురు గడ్డంతో, ఉరిమి చూసే కళ్లతో ఆయన పటం కనిపిస్తుంది. పల్లవ రాకుమారుడైన ఆయన దక్షిణదేశపు యుద్ధవిద్యను చైనాకు తీసుకువెళ్లి షావోలిన్ భిక్షువులకు నేర్పాడని, లోకంలోని యుద్ధకళలన్నిటికీ ఆయనే మూలపురుషుడని శిక్షకులు చెబుతారు. 2011లో తమిళం నుండి తెలుగులోకి వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ చిత్రం ఆ నమ్మకాన్ని మరింత బలపరిచింది. నా తరగతిలో దాదాపు ఏటా ఒక విద్యార్థి అయినా లేచి ఇది నిజమేనా అని అడుగుతాడు. ధమ్మాన్ని స్వీకరించిన కుటుంబాల పిల్లలైతే ఆ ప్రశ్నను ఒకింత గర్వంతో అడుగుతారు. ఆ గర్వాన్ని నొప్పించడానికి మనసు రాదు. అయినా పరీక్షించి గాని దేనినీ అంగీకరించవద్దని కాలాములకు బోధించిన శాస్త మార్గంలో నడుస్తున్నవారికి సమాధానం దాటవేయడం మర్యాద కాదు.

మొదట ఆయన పుట్టుక సంగతి. యాంగ్ షువాన్‌జీ ఆయనను పారశీక దేశపువాడని రాశాడు. ఆయన బోధకు పీఠిక రచించిన తాన్‌లిన్ మాత్రం దక్షిణ భారతీయుడని, ఒక మహారాజుకు మూడవ కుమారుడని చెప్పాడు. ఏడవ శతాబ్దంలో ప్రసిద్ధ భిక్షువుల జీవితాలను కూర్చిన దావోష్వాన్ దక్షిణ భారత బ్రాహ్మణ వంశీయుడన్నాడు. తొలి రచనలలో పల్లవుల పేరు గాని, కంచి పేరు గాని లేవు. 1004లో వెలువడిన దీపప్రసార చరిత్ర అనే గ్రంథం ఆయన తండ్రి రాజ్యానికి షియాంగ్జీ అనే పేరు పెట్టింది. దానిని కొందరు కంచిగా గుర్తించారు. అంటే ఆయన కాలానికి దాదాపు అయిదువందల ఏళ్ల తర్వాత దొరికిన ఒక పేరును మన కాలపు పండితులు ఒక నగరంతో పోల్చి చూశారన్నమాట. ఊహ అసంభవం కాదు. కంచిలో బౌద్ధారామాలు వర్ధిల్లాయి. ఆంధ్రదేశంలో అమరావతి, నాగార్జునకొండ ఆరామాలు అంతకు పూర్వమే సముద్రాంతర కీర్తి గడించాయి. దక్షిణాపథం నుండి ఒక భిక్షువు ఓడనెక్కి తూర్పుకు పోవడంలో వింత ఏమీ లేదు. ఊరి పేరు మాత్రం నిర్ణయం కాలేదు.

దావోష్వాన్ ప్రకారం ఆయన దక్షిణ చైనాలో సోంగ్ రాజ్యపు తీరాన దిగి, తర్వాత ఉత్తరాన వేయి రాజ్యానికి పోయాడు. సోంగ్ వంశం 479లో అంతరించింది గనుక ఆయన అంతకు ముందే చైనా చేరి ఉండాలి. లియాంగ్ చక్రవర్తి వూతో ఆయన సమావేశమైనట్లు, ఆరామాలు కట్టించినందువల్ల పుణ్యమేమీ లేదని చక్రవర్తి ముఖం మీదనే చెప్పినట్లు చెప్పే కథ అందరికీ తెలిసిందే. అది ఎనిమిదవ శతాబ్దపు రచనలలో గాని కనబడదు. వూ పాలన 502లో మొదలైనదని గుర్తుంచుకుంటే, మొదటి కథనంతో దానిని అతికించడం కూడా కష్టం. నిజానికి ఆ కథలోని నిర్భీతి నాకు ఇష్టం. అయితే యోంగ్‌నింగ్ గోపురం ముందు చేతులు జోడించి నిలిచిన వృద్ధుడు ఆరామ నిర్మాణాన్ని అంత తేలికగా తీసివేసి ఉంటాడా అన్న సందేహం వదలదు.

ఆయన ఏమి బోధించాడన్నది ఇంతకంటె స్పష్టంగా తెలుస్తుంది. తాన్‌లిన్ పీఠికతో నిలిచిన చిన్న గ్రంథం రెండు ప్రవేశాలను, నాలుగు ఆచరణలను వివరిస్తుంది. తత్త్వం ద్వారా ప్రవేశించడం మొదటిది. సర్వప్రాణులకు ఉన్న స్వభావం ఒక్కటేనని, దానిని బయటి ధూళి కప్పివేసిందని గ్రహించి, గోడవలె చలించని చిత్తంతో నిలవడం అందులోని సారం. గోడకు ఎదురుగా తొమ్మిదేళ్లు కూర్చున్నాడనే కథ ఈ మాట నుండే పెరిగిందని పండితులు భావిస్తారు. ఆచరణ ద్వారా ప్రవేశించడం రెండవది. కష్టం కలిగినప్పుడు అది తన పూర్వకర్మ ఫలమని ఎంచి ఎవరినీ నిందించకపోవడం, సుఖదుఃఖాలు కారణాలను బట్టి వచ్చిపోతాయని తెలియడం, దేనినీ కోరకపోవడం, ధర్మానికి అనుగుణంగా నడవడం అందులోని నాలుగు ఆచరణలు.

వీటిలో మొదటిదాని వద్ద మనం కొంచెం ఆగవలసి ఉన్నది. ఈ జన్మలోని దైన్యానికి గత జన్మలోని పాపమే కారణమనే వాదాన్ని బాబాసాహెబ్ అంబేడ్కర్ అంగీకరించలేదు. పీడితుడే తన పీడనకు బాధ్యుడని చెప్పే ఆ సిద్ధాంతం ఎవరికి ఉపకరించిందో మన తాతముత్తాతల జీవితాలే చెబుతాయి. కనుక బోధిధర్ముని పట్ల ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క మాటను మనం యథాతథంగా తీసుకోలేము. అదే సమయంలో మరొక సంగతి గమనించాలి. తనకు హాని చేసినవానిపై పగ పెట్టుకోవద్దన్నదే తొలి ఆచరణగా నిర్ణయించిన గురువును యుద్ధవిద్యకు మూలపురుషునిగా నిలబెట్టడానికి బలమైన ఆధారమే కావాలి.

ఆ ఆధారం దొరుకుతుందేమోనని ఆయన శిష్యుల వైపు చూద్దాం. ప్రధాన శిష్యుడు హుయికె. గుణభద్రుడు అనువదించిన నాలుగు సంపుటాల లంకావతార సూత్రాన్ని గురువు అతనికి అప్పగించాడు. శిష్యునిగా స్వీకరించమని వేడుకొంటూ హుయికె మంచులో నిలబడి తన చేతిని తానే నరుక్కున్నాడనే దృశ్యాన్ని చిత్రకారులు ఎందరో గీశారు. దావోష్వాన్ మాత్రం దొంగలు అతని చేతిని నరికారని, చిత్తాన్ని అదుపులో ఉంచుకొని అతడు ఆ బాధను సహించాడని రాశాడు. తాన్‌లిన్‌కు కూడా దొంగల వల్లనే ఒక చేయి పోయింది. కరాటే గురువులు ఈ సంగతిని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. గురుపరంపరకు అత్యంత సన్నిహితులైన ఇద్దరు దొంగల చేతిలో అంగహీనులయ్యారు. దావోష్వాన్ కొనియాడినది వారి సహనాన్ని. అక్కడ కర్రసాము ప్రసక్తి గాని, ముష్టిఘాతం ప్రసక్తి గాని లేవు.

షావోలిన్ ఆరామం సోంగ్‌షాన్ పర్వతంపై, నేటి హెనాన్ రాష్ట్రంలో ఉన్నది. దానిని ఉత్తర వేయి చక్రవర్తి షియావోవెన్ 495 ప్రాంతంలో బాతువో అనే మరొక భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. బోధిధర్మునికి ఆ పర్వతంతో సంబంధం కల్పించిన రచనలు ఎనిమిదవ శతాబ్దానివి. ఆరామానికి సమీపంలో ఆయన స్మృత్యర్థం నేటికీ నిలిచి ఉన్న ప్రథమాచార్య మందిరం 1125 నాటిది.

భిక్షువులు ఆయుధం పట్టిన మాట మాత్రం సత్యం. సూయి సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో దొంగలు ఆరామంపై పడగా భిక్షువులు ఎదిరించారు. భవనాలు తగులబడినా వారు చెదరలేదు. 621లో, తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన, వాంగ్ షిచోంగ్ సేనలతో వారు పోరాడారు. ఆ ఉపకారానికి ప్రతిఫలంగా భూములు లభించాయి. 728లో చెక్కించిన శిలాశాసనంలో పదమూడుమంది భిక్షువుల పేర్లున్నాయి. భూమి, ధాన్యం, మర ఉన్న ఆరామం అరాచక కాలంలో తన్ను తాను కాపాడుకోవలసి వచ్చింది. షావోలిన్ యుద్ధవిద్యకు పునాది ఇక్కడ కనబడుతుంది. ఆ శాసనం పోరాటాన్ని వర్ణించింది గాని దానికి బోధిధర్ముడు గురువని చెప్పలేదు.

పదహారవ శతాబ్దం నాటికి షావోలిన్ కర్రసాము దేశమంతటా పేరు పొందింది. 1550లలో తీరప్రాంతపు సముద్రదొంగలతో పోరాడడానికి భిక్షువులు వెళ్లారు. ఆరామంలో ఏళ్ల తరబడి ఆ విద్య అభ్యసించిన చెంగ్ జోంగ్‌యూ పదిహేడవ శతాబ్దారంభంలో దానిపై ఒక గ్రంథం రచించాడు. అందులో ఈ విద్య మూలపురుషుని స్థానం కిన్నరునిది. వంటశాలలో పనివానివలె ఉన్న ఒక దివ్యపురుషుడు పొయ్యిలోని కర్ర పట్టుకొని తిరుగుబాటుదారులను తరిమివేశాడని ఐతిహ్యం. మన జాతకకథలలో ఆటపాటలకు పేరుపడిన కిన్నరుడు షావోలిన్‌లో కర్ర తిప్పే వీరుడయ్యాడు! ఆ విద్యను ఆరామంలోనే నేర్చినవారికి కూడా అప్పటికి బోధిధర్ముని పేరు తట్టలేదు.

మరి ఆయన పేరు ఎక్కడ చేరింది? 1624 నాటిదని చెప్పదగిన యీజిన్ జింగ్, అంటే స్నాయుపరివర్తన గ్రంథం, అందుకు కారణం. దేహాన్ని దృఢపరచే వ్యాయామాలు, శ్వాసక్రియలు అందులో ఉన్నాయి. వాటి మూలాలు ఎక్కువగా దావో సంప్రదాయానివి. గ్రంథానికి గౌరవం రావాలని దానిని బోధిధర్మునికి ఆపాదించి, ఏడవ శతాబ్దపు సేనాని లీ జింగ్ రాసినట్లుగా ఒక పీఠిక చేర్చారు. ఆ పీఠికలో ప్రస్తావించిన ఒక వీరుడు కేవలం కల్పితకథలోని పాత్ర. పద్దెనిమిదవ శతాబ్దపు పండితుడు లింగ్ టింగ్‌కాన్ ఈ తప్పులను ఎత్తి చూపి పరిహసించాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. 1900ల తొలినాళ్లలో లావో త్సాన్ యాత్రలు అనే నవల, తర్వాత 1915లో వెలువడిన షావోలిన్ ముష్టియుద్ధ పుస్తకం ఈ కథను జనంలోకి పంపాయి. జపానులో ఫునాకోషి వంటి కరాటే గురువులు దానిని స్వీకరించారు. అక్కడినుండి లోకమంతా తిరిగి మన ఊళ్లకు వచ్చింది. టాంగ్ హావో అనే చైనా చరిత్రకారుడు 1930లోనే ఆధారాలతో దీనిని ఖండించాడు. ఇక కలరిపయట్టును ఆయన వెంట తీసుకుపోయాడనే మాటకూ బలం లేదు. ఆ విద్య నేడున్న రూపం పదకొండు, పన్నెండు శతాబ్దాలకు ముందుది కాదని పరిశోధకుల అభిప్రాయం.

ఇంత చెప్పాక, మన విహారాలలో పిల్లలకు ఆత్మరక్షణ నేర్పవద్దా అని ఎవరైనా అడగవచ్చు. తప్పక నేర్పాలి. ముఖ్యంగా ఆడపిల్లలకు నేర్పాలి. అందుకు బోధిధర్ముని అనుమతి అవసరం లేదు. భిక్షువు కోపంతో మరొక భిక్షువును కొట్టడం పాచిత్తియ దోషమని వినయపిటకం నిర్ణయించింది. అయితే ఎవరైనా తనను హింసిస్తున్నప్పుడు విడిపించుకునే ఉద్దేశంతో కొట్టిన దెబ్బకు దోషం లేదని అక్కడే మినహాయింపు ఇచ్చింది. బాబాసాహెబ్ కూడా చంపాలనే కోరికకు, తప్పనిసరి అవసరానికి గల భేదాన్ని ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో వివరించాడు. కష్టాలన్నీ మౌనంగా భరించమన్న బోధిధర్ముని కంటె మన ఆడపిల్లకు వినయపిటకమే దగ్గరి చుట్టం. శిక్షణశాలలో ఆయన పటం ఉంటే ఉండనివ్వండి. అభ్యాసానికి ముందు ఒక ఘడియ కదలక కూర్చోవడం నేర్పడానికి ఆయనకు మించిన గురువు లేడు.

ఇక ఆయన అంత్యకాలం. విషప్రయోగం వల్ల మరణించాడని, సమాధి చేసిన తర్వాత ఒంటి పాదరక్ష చేతబట్టుకొని పడమటికి పోతూ రాజదూత సోంగ్ యున్‌కు పామీరు పర్వతాలలో ఎదురయ్యాడని, శవపేటిక తెరిస్తే రెండవ పాదరక్ష మాత్రమే ఉన్నదని తర్వాతి గ్రంథాలు చెబుతాయి. సోంగ్ యున్ 522 నాటికే తన యాత్ర ముగించుకొని లోయాంగ్ చేరుకున్నాడు. ఆ గ్రంథాలే బోధిధర్ముని మరణాన్ని అంతకు తర్వాతి సంవత్సరాలలో చూపుతాయి. దావోష్వాన్ చెప్పినది క్లుప్తం. హుయికె జీవితం రాస్తూ, గురువు లో నదీతీరాన కన్నుమూశాడని ఒక్క మాటతో దాటిపోయాడు. ఆయన నమస్కరించిన గోపురపు పునాదిని ఇరవయ్యవ శతాబ్దంలో పురావస్తు శాస్త్రజ్ఞులు లోయాంగ్ వద్ద తవ్వి తీశారు. కాలిన గోపురం కింద మట్టి దిమ్మె ఒకటి మిగిలి ఉన్నది.