జార్జి గ్రీను

ఇంగ్లాండు దేశమునందలి నాటింగ్‌హామ్ పట్టణమున 1793వ సంవత్సరమున రొట్టెలు చేసి విక్రయించు ఒకని యింట జార్జి గ్రీను జన్మించెను. ఎనిమిదవ యేట బడిలో చేరి, సుమారు ఒక సంవత్సరము మాత్రమే చదివి, తండ్రి పనిలో ప్రవేశించెను. 1807లో తండ్రి సమీపముననున్న స్నెంటన్‌లో గాలిమరను కట్టించెను. గోధుమలు విసరు ఆ మర పనియే గ్రీనునకు జీవనమయ్యెను. తీరిక దొరకినపుడు మర పై అంతస్తున కూర్చుండి గణితము నభ్యసించెడివాడని ప్రతీతి. 1823లో పట్టణ గ్రంథాలయమున సభ్యుడై శాస్త్ర గ్రంథములను చదువసాగెను.

విద్యుదావేశముల నడుమ దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు కూలుము 1785లో నిరూపించియుండెను. కాని పెక్కు ఆవేశములున్నపుడు ఒక్కొక్క బలము ఒక్కొక్క దిశకు లాగును. వానిని కూడుట మిక్కిలి ప్రయాస. లాప్లాసు, పాయిసాను అను పండితులు వాడిన ఒక సులభమైన మొత్తమును గ్రీను చేపట్టి, దానికి పొటెన్షియలు అను పేరిడెను. ప్రతి ఆవేశమును దాని దూరముచే భాగించి కూడిన చాలును; దిశతో పనిలేదు. ఒక బిందువునకు 2 అడుగుల దూరమున 6 పాళ్ల ఆవేశమును, 4 అడుగుల దూరమున 8 పాళ్ల ఆవేశమును ఉన్నవనుకొందము. మొదటిదానివలన 3, రెండవదానివలన 2, వెరసి 5. ఋణావేశమైనచో కూడుటకు మారుగా తీసివేయవలెను. ఈ మొత్తము చోటు మారిన కొలది ఎంత మారుచున్నదో లెక్కించినచో, అచ్చటి బలమును, దాని దిశయు తెలియును.

ఈ విషయములను గ్రీను 1828లో స్వయముగా గ్రంథమొకటి ప్రకటించి వివరించెను. దానికి చందాదారులు 51 మంది మాత్రమే. వారిలో గణితజ్ఞుడగు బ్రాంహెడ్ అతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. తండ్రి మరణానంతరము గ్రీను మర పని మానుకొని, 1833లో నలువదవ యేట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్యార్థియై చేరెను. తనకంటె ఎంతో చిన్నవారి సరసన కూర్చుండుటకు సిగ్గుపడలేదు. 1837లో గణిత పరీక్షయందు నాలుగవ స్థానమును పొందెను. కాని ఆరోగ్యము చెడి, 1841లో తన నలువదియేడవ యేట మరణించెను. అప్పటికి ఆ గ్రంథమును ఎరిగినవారు బహు కొలది మంది.

1845లో విలియం థామ్సన్ అను యువకుడు, అనంతరము కెల్విన్ ప్రభువని ప్రసిద్ధి కెక్కినవాడు, ఆ గ్రంథమును వెదకి సంపాదించి, పారిస్ పండితులకు చూపెను. 1850 మొదలుకొని అది జర్మనీ దేశపు గణిత పత్రికలో పునర్ముద్రితమయ్యెను. 1993లో లండనునందలి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో గ్రీను స్మారకఫలకము నెలకొల్పబడెను. కీర్తి ఆలస్యముగా వచ్చినను, మర పనివాడు చేసిన లెక్క నేటికిని చెక్కుచెదరలేదు.