ఉపాధ్యాయ వృత్తి నుండి శాసనసభకు: శ్రీమతి జె.ఈశ్వరీబాయి ప్రజాజీవితం

(ఫిబ్రవరి 24 వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 1972లో జరిగిన ఎన్నికలలో మొత్తం 287 స్థానాలకుగాను కాంగ్రెస్ పార్టీ 219 స్థానాలను గెలుచుకొన్నది. సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పక్షాన సభలో ప్రవేశించినది మాత్రం ఒకే ఒక్క సభ్యురాలు. ఆమె ఆనాటి నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నియోజకవర్గం నుండి వరుసగా రెండవసారి ఎన్నికైన శ్రీమతి జె.ఈశ్వరీబాయి. అధికార పక్షంలో చేరేందుకు అనువైన అదనులో చేరకుండా నిలిచి, సంఖ్యాబలం లేకపోయినా సభలో తన మాట వినిపించిన నాయకురాలిగా ఆమె గుర్తుండిపోయారు.

ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో షెడ్యూల్డు కులానికి చెందిన కుటుంబంలో జన్మించారు. తండ్రి రైల్వే ఉద్యోగి. ఆడపిల్లలకు చదువు అంతగా అందుబాటులో లేని కాలమది. అందులోనూ అంటరానితనపు కట్టుబాట్ల నడుమ ఉన్న కుటుంబాలలో బాలికలను బడికి పంపడం అరుదు. అయినప్పటికీ ఆమె మిషన్ పాఠశాలలోను, అటుపిమ్మట కీస్ ఉన్నత పాఠశాలలోను విద్యాభ్యాసం చేశారు. ఆనాటి ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పూనాకు చెందిన దంత వైద్యునితో వివాహం జరిగినది. దాంపత్యం సాగలేదు. కుమార్తెను వెంటబెట్టుకొని ఆమె పుట్టింటికి తిరిగి వచ్చారు.

పుట్టిల్లు ఆశ్రయమిచ్చినా, ఒకరిపై ఆధారపడి బ్రతకడం ఆమెకు సమ్మతం కాలేదు. సికింద్రాబాద్‌లోని పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా చేరారు. భర్తకు దూరమై, స్వంత సంపాదనతో బిడ్డను పెంచుకొనే స్త్రీని సమాజం ఏ దృష్టితో చూసేదో ఆ తరం వారికి వివరించనవసరం లేదు. పాఠాలు చెబుతూనే బస్తీలలోని పేద స్త్రీలకు చదువు, చేతిపని నేర్పే కార్యక్రమాలు చేపట్టారు. చిలకలగూడలో గీతా విద్యాలయం పేరిట ఒక పాఠశాలను నెలకొల్పారు. తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, మరాఠీ, ఆంగ్ల భాషలలో ఆమెకు గల పరిచయం, పలు భాషల వారు కలసి నివసించే జంట నగరాలలో ప్రజలకు ఆమెను చేరువ చేసినది.

రాజకీయాలలో ఆమె తొలి అడుగు పడినది పురపాలక సంఘంలోనే. సికింద్రాబాద్‌కు ప్రత్యేక కార్పొరేషన్ ఉన్న 1950 దశకం తొలినాళ్ళలో, చిలకలగూడ నుండి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి కౌన్సిలర్‌గా ఎన్నికయ్యారు. పార్టీ అండ గాని ధనబలం గాని లేని ఆ గెలుపునకు ఏళ్ళ తరబడి బస్తీలలో ఆమె సంపాదించుకొన్న పరిచయమే పెట్టుబడి. అదే కాలంలో డాక్టర్ అంబేద్కర్ భావాలతో ప్రభావితురాలై షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌లోను, 1957లో అది రిపబ్లికన్ పార్టీగా రూపొందిన అనంతరం ఆ పార్టీలోను ప్రముఖ పాత్ర నిర్వహించారు.

1967 సాధారణ ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఎల్లారెడ్డి నుండి ఆమె బరిలో దిగారు. ప్రత్యర్థి సామాన్యురాలు కాదు. మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన శ్రీమతి టి.ఎన్.సదాలక్ష్మి. ఇద్దరూ షెడ్యూల్డు కులాలకు చెందినవారు, ఇద్దరూ జంట నగరాలలో ఎదిగినవారు. ఆ పోటీలో ఈశ్వరీబాయి విజయం సాధించారు. రెండేళ్ళు గడిచేసరికి ఈ ఇరువురూ ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఒకే పక్షాన నిలవడం ఆనాటి రాజకీయాలలోని ఒక విశేషం.

ఆమె సభలో ప్రవేశించిన మరుసటి ఏడాదే కఠిన పరీక్ష ఎదురైనది. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుని, దొంగతనం చేశాడన్న ఆరోపణతో కట్టివేసి సజీవ దహనం చేశారు. రాష్ట్రమంతటా సంచలనం కలిగించిన ఈ ఘోరాన్ని ఈశ్వరీబాయి సభలో గట్టిగా ప్రస్తావించారు. బాధితుడు ఆమె నియోజకవర్గానికి గాని ఆమె ప్రాంతానికి గాని చెందినవాడు కాడు. ఆ రోజులలోనే ఒక మంత్రి హరిజనులను కించపరుస్తూ చేసిన వ్యాఖ్యపై రేగిన ఆగ్రహంలోనూ ఆమె ముందు వరుసలో నిలిచారు. సభలో ఆమె చెప్పు చూపి నిరసన తెలిపిన ఉదంతం నేటికీ చెప్పుకొంటారు. సభా మర్యాదల దృష్ట్యా దానిని తప్పుపట్టేవారు ఉండవచ్చు. అయితే ఒక మనిషిని నిలువునా కాల్చివేసిన సంఘటన వెనుక ఆ ఆగ్రహం పుట్టినదని మరువరాదు.

1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న అసంతృప్తి 1969లో ఉద్యమంగా ఉప్పొంగినది. ముల్కీ నిబంధనలు, ఉద్యోగాలు, తెలంగాణ మిగులు నిధులు అందులో ప్రధానాంశాలు. ఉద్యమకారుల లెక్క ప్రకారం పోలీసు కాల్పులలో 369 మంది అసువులు బాశారు. ఈశ్వరీబాయి ఉద్యమంలో చురుకుగా పాల్గొని జైలుకు వెళ్ళారు.

1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానాలకుగాను 10 స్థానాలు గెలిచిన తెలంగాణ ప్రజా సమితి, ఆ ఏడాదిలోనే కాంగ్రెస్‌లో విలీనమైనది. విలీనంతో పాటు నడచిన వారిలో పలువురికి అటుపై పదవులు లభించాయి. ఆమె ఆ బాట పట్టలేదు. మరుసటి సంవత్సరం విలీనాన్ని అంగీకరించని వారి పక్షాన నిలిచి, ఎల్లారెడ్డి ఓటర్ల ముందుకు వెళ్ళి, పైన పేర్కొన్న విధంగా ఏకైక సభ్యురాలిగా తిరిగివచ్చారు. ఒంటరి సభ్యురాలికి సభలో లభించే సమయం స్వల్పం. ప్రశ్నోత్తరాలు, పద్దులపై చర్చలే ఆమెకు వేదికలైనాయి.

ఆ పదవీకాలం ప్రశాంతంగా గడిచినది కాదు. ముల్కీ నిబంధనలపై 1972 అక్టోబర్‌లో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు, దరిమిలా జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, అదే ఏడాది ఆరు సూత్రాల పథకం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కాసు బ్రహ్మానందరెడ్డి, పి.వి.నరసింహారావు, జలగం వెంగళరావు ముఖ్యమంత్రులుగా ఉన్న మూడు ప్రభుత్వాలను ఆమె ప్రతిపక్ష స్థానాల నుండే ఎదుర్కొన్నారు. 1978 తరువాత ఆమె శాసనసభకు తిరిగి రాలేదు.

ఆమె కుమార్తె, వైద్యురాలు డాక్టర్ జె.గీతారెడ్డి 1989లో గజ్వేల్ నుండి కాంగ్రెస్ పక్షాన శాసనసభకు ఎన్నికై, తదుపరి మంత్రి పదవులు నిర్వహించారు. తల్లి జీవితమంతా ఎదురు నిలిచిన పార్టీ పక్షాన కుమార్తె గెలవడాన్ని ఈశ్వరీబాయి కళ్ళారా చూశారు. అది జరిగిన రెండేళ్ళ లోపే, 1991 ఫిబ్రవరి 24న ఆమె తుదిశ్వాస విడిచారు. ఎల్లారెడ్డి ప్రాంతం 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం కామారెడ్డి జిల్లాలో చేరినది.