హారియెట్ టబ్మన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు అను రాష్ట్రము కలదు. పూర్వమచ్చట ఆఫ్రికా సంతతివారు పశువులవలె అమ్మబడుచుండిరి. బానిస తల్లికి పుట్టిన శిశువు బానిసయే యగుచుండెను. అట్టి దంపతులకు 1822 ప్రాంతమున అరమింటా అను బాలిక జనించెను. ఆమెయే తరువాత హారియెట్ టబ్మన్ అను పేర లోకమున ప్రసిద్ధికెక్కెను.

ఐదారేండ్ల ప్రాయముననే యజమాని ఆమెను పరుల యింట కూలికి కుదిర్చెను. రాత్రివేళ పసిబిడ్డ తొట్టెను ఊచుట ఆమె పని. బిడ్డ యేడ్చినచో ఆ యింటి యిల్లాలు ఆమె మెడపై కొరడాతో కొట్టుచుండెను. ఆ మచ్చలు కడవరకును మాయలేదు. మరియొక యింటివారు, ఆమె తట్టు సోకి బాధపడుచున్నను, చలినీటిలో దిగి నీటియెలుకల ఉచ్చులు చూచి రమ్మని పంపిరి. ఆమె అక్కలు మువ్వురు దూరప్రాంతమునకు అమ్మబడిరి.

పదమూడు, పదునైదేండ్ల నడుమ ఆమెకు ఘోరమైన ఆపద సంభవించెను. అనుమతి లేక పని విడిచిన బానిస నొకని వెదకుచు, పొలముపై అధికారి ఒకడు ఊరి యంగడికి వచ్చెను. వానిని కట్టివేయుటకు సాయపడుమని బాలికను ఆజ్ఞాపించెను. ఆమె అందుకు సమ్మతింపలేదు. ఆ బానిస పారిపోవుచుండగా అధికారి రెండు పౌనుల తూనికరాయిని విసరెను. అది గురి తప్పి బాలిక తలకు తగిలెను. వైద్యము లేదు. గాయము మానకముందే ఆమెను తిరిగి పొలమునకు పంపిరి. నాటినుండి తీవ్రమైన తలనొప్పియు, పని నడుమ హఠాత్తుగా నిద్రలో మునుగుటయు ఆమెను విడువలేదు. అది మూర్ఛవ్యాధి కావచ్చునని నేటి చరిత్రకారుల యూహ.

హారియెట్ చదువెరుగదు. తల్లి చెప్పిన బైబిలు కథలే ఆమెకు విద్య. నీరు తెచ్చునపుడును, ఇల్లూడ్చునపుడును ఆమె దైవమును ప్రార్థించుచుండెను. యజమాని మనస్సు మార్చుమని చిరకాలము వేడెను. తన్ను అమ్మనున్నాడని విని, అతని మరణమును కోరెను. 1849లో అతడు నిజముగనే మరణించెను. ఆమె సంతోషింపలేదు, అట్టి ప్రార్థన చేసితినే యని మిక్కిలి పశ్చాత్తాపపడెను. పాపము తన హృదయమున నిలువరాదని ఆమె కోరిక.

ఆ సంవత్సరముననే ఆమె ధ్రువనక్షత్రమును గురుతుగా నుంచుకొని, రాత్రులు నడచి, ఫిలడెల్ఫియా నగరము చేరి స్వతంత్రురాలయ్యెను. కాని తనవారు బానిసత్వమున నుండగా ఆమెకు శాంతి లేకపోయెను. పదేండ్లలో దాదాపు పదమూడు పర్యాయములు మరలి పోయి, సుమారు డెబ్బదిమందిని విడిపించెను. 1850 నాటి చట్టమువలన ఉత్తర రాష్ట్రములలోను రక్షణ లేకపోగా, పలువురిని కెనడా వరకు నడిపించెను. దారిలో ఆమె హఠాత్తుగా నిద్రపోయినపుడు వెంటనున్నవారు అడవిలో నిశ్శబ్దముగా వేచియుండెడివారు. మేల్కొని, దైవము దారి చూపునన్న నమ్మకముతో ఆమె మరల ముందు నడచెడిది. ఆమె వెంట వచ్చినవారిలో ఒక్కడును పట్టుపడలేదు. ఇశ్రాయేలీయులను దాస్యమునుండి విడిపించిన మోషే పేరుతో జనులు ఆమెను పిలిచిరి.

అంతర్యుద్ధకాలమున 1863లో కాంబహీ నదిపై జరిగిన దాడికి ఆమె దారి చూపగా, ఏడువందలకు పైగా బానిసలు విముక్తులైరి. పిదప ఆమె న్యూయార్కు రాష్ట్రమందలి ఆబర్నులో నివసించి, దిక్కులేని వృద్ధులను చేరదీసెను. ఆమె పూనికతో 1908లో అచ్చట వృద్ధాశ్రమము వెలసెను. అందే 1913 మార్చి 10న ఆమె కన్నుమూసెను.

బాల్యమున తగిలిన గాయము ఆమె దేహమును ఎన్నడును విడువలేదు. కాని భక్తి ఆ గాయమును భయముగను, ద్వేషముగను మారనీయలేదు. తాను పడిన బాధ పరులు పడరాదన్న కరుణగా దానిని మార్చెను.