విద్యాదాత్రి పొణకా కనకమ్మ

నెల్లూరు సీమకు పెన్నానది ప్రాణాధారము. తూర్పున సముద్రము, తీరము వెంట బకింగుహామ్ కాలువ, దక్షిణమున మద్రాసు దారిలో వెంకటాచలము, ఉత్తరమున పెన్న దాటగనే కోవూరు. ఈ నడుమనున్న పల్లెలు వరిపంటకు పేరుగన్నవి. అచటి మోతుబరి రైతుల యిండ్లలో ధాన్యపు గాదెలు నిండుగా నుండెడివి. కాని ఆ యిండ్ల ఆడుబిడ్డలలో అక్షరములు నేర్చినవారు మిక్కిలి అరుదు. ఇది నెల్లూరు సీమకు మాత్రమే పరిమితమైన లోపము కాదు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలను బట్టి భారతదేశమున నూరుగురు స్త్రీలను తీసికొన్నచో, వారిలో చదువను వ్రాయను నేర్చినవారు ఒక్కరైనను లేరు. 1921 నాటికి సైతము ఆ సంఖ్య నూటికి ఇద్దరికి చేరలేదు. అట్టి కాలమున, తాను బడి గడప త్రొక్కకున్నను, ఆడుపిల్లల కొఱకు ఒక విద్యాలయమును నెలకొల్పి, దానికై తన సర్వస్వమును ధారవోసిన వనిత పొణకా కనకమ్మ.

కనకమ్మ 1892వ సంవత్సరము జూన్ 10వ తేదీన నెల్లూరు జిల్లాలోని మినగల్లు గ్రామమున, మరుపూరువారి యింట జన్మించెను. వారిది సంపన్నమైన వ్యవసాయ కుటుంబము. నాటి ఆచారమును బట్టి ఆమెకు బాల్యమునందే వివాహము జరిగెను. భర్త పోట్లపూడి గ్రామస్థుడైన పొణకా సుబ్బరామిరెడ్డి. బొమ్మలతో ఆడుకొనవలసిన వయస్సున ఆమె అత్తవారింటి కోడలయ్యెను. ఆ యింట అన్నమునకు గాని, వస్త్రములకు గాని, ఆభరణములకు గాని కొదువ లేదు. లేనిది చదువొక్కటియే. ఆడుపిల్లను బడికి పంపుట కులమర్యాదకు తగదని పెద్దలు తలచెడి రోజులవి.

అయినను చదువుకొనవలెనన్న కోరిక ఆమెను విడువలేదు. ఇంటి పనుల నడుమ చిక్కిన కొద్దిపాటి వేళలో ఆమె స్వయంకృషితో తెలుగు నేర్చుకొనెను. పురాణములను, కావ్యములను చదివెను. పిదప సంస్కృతమును, హిందీని అభ్యసించెను. క్రమముగా పద్యములల్లు నేర్పును సంపాదించి, పత్రికలకు వ్రాయజొచ్చెను. ఒక్కొక్క అక్షరమును ఒంటరిగా వెదకి పట్టుకొన్నందున, గురువు లేని చదువు ఎంత కష్టమో ఆమెకు బాగుగా తెలిసెను. తనవలె ప్రతి బాలికయు అంత కష్టపడి నేర్చుకొనలేదనియు, దారి చూపువారు లేక పెక్కుమంది మొదటనే ఆగిపోవుదురనియు ఆమె గ్రహించెను. ఆమె తరువాత చేసిన పనులకన్నిటికి ఈ గ్రహింపే మూలము.

చదువు రుచి తెలిసినవారు దానిని తమ యింటనే దాచుకొనలేరు. 1913వ సంవత్సరమున కనకమ్మ పోట్లపూడిలో సుజనరంజనీ సమాజమును స్థాపించెను. దానికి తోడుగా ఒక గ్రంథాలయము ఏర్పడెను. ఊరివారికి పుస్తకములు, పత్రికలు అందుబాటులోనికి వచ్చెను. ఆ కాలమున అంటరానివారని సంఘము దూరముగా నుంచిన వారి ఆరోగ్యము కొఱకు, వారి పిల్లల చదువు కొఱకు ఆమె పాటుపడెను. పెద్దయింటి కోడలు వాడవాడకు పోయి సేవ చేయుట నాడు సామాన్య విషయము కాదు. నింద రాకుండ ఏ మంచిపనియు సాగదని తెలిసియే ఆమె ఆ పనికి పూనుకొనెను.

అప్పటికి దేశమంతట స్వాతంత్ర్యకాంక్ష రగుల్కొనుచుండెను. యౌవనమున కనకమ్మ తిలక్ మహాశయుని మార్గమును అభిమానించెను. పిమ్మట ఆమె మనస్సు గాంధీజీ వైపునకు మరలెను. గాంధీజీ దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చిన 1915వ సంవత్సరముననే, మే నెలలో, నెల్లూరికి వచ్చియుండెను. ఆరేండ్లకు, 1921 ఏప్రిల్ 7వ తేదీన, ఆయన మరల వచ్చి పెన్న యొడ్డున పల్లిపాడు గ్రామమున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య మున్నగువారు ఆ యాశ్రమమునకు మూలస్తంభములు. దానికి వలసిన భూమిని సమకూర్చినది కనకమ్మ. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి మిత్రుడైన పారశీక వర్తకుడు రుస్తుంజీ ఆశ్రమ భవనమునకు ధనసహాయము చేసెను. సముద్రముల కావలనున్న ఒక వర్తకుని సొమ్ము, పెన్న యొడ్డున నున్న ఒక గృహిణి నేల, ఈ రెండును కూడి ఒక ఆశ్రమమైనవి. మంచి పనికి నలువైపుల నుండి చేయూత లభించునని కనకమ్మకు ఆనాడు రూఢియై యుండును.

రెండేండ్లు గడచెను. 1923వ సంవత్సరమున కనకమ్మ నెల్లూరు పట్టణమున బాలికల కొఱకు విద్యాలయమును స్థాపించి, దానికి కస్తూరిదేవి విద్యాలయమని నామకరణము చేసెను. కస్తూరిదేవి యనగా గాంధీజీ ధర్మపత్ని కస్తూరిబా. ఆ పేరు పెట్టుటలో ఒక ఔచిత్యము కలదు. కస్తూరిబాకు సైతము బాల్యమున చదువు లభింపలేదు. ఆమెకును పసితనమునందే పెండ్లి జరిగెను. అయినను ఆమె చంపారన్ పల్లెలలో గాంధీజీ నెలకొల్పిన పాఠశాలలలో పేదల పిల్లలకు శుభ్రతను, మంచి అలవాట్లను నేర్పెను. బడికి పోని ఒక స్త్రీ పేర, బడికి పోని మరియొక స్త్రీ స్థాపించిన బడి యిది.

విద్యాలయమునకు మంచిపేరు పెట్టుట సులభము. దానిని నడుపుట కష్టము. మొదటి కష్టము పిల్లలను రప్పించుట. ఆడుపిల్లకు చదువెందుకని అడుగువారు ఇంటింట నుండిరి. చదివినచో వైధవ్యము కలుగునని నమ్మినవారు కూడ ఆనాడు లేకపోలేదు. నిజమునకు వైధవ్యమునకు కారణము చదువు కాదు, బాల్యవివాహము. పది పండ్రెండేండ్లకే భర్తను కోల్పోయిన బాలిక పుట్టినింట, మెట్టినింట కూడ పరాయిదయ్యెడిది. తల్లిదండ్రులు గతించినచో అట్టి బాలిక నిజముగా అనాథయే. ఆమె చేతికి ఒక విద్యయో, ఒక వృత్తియో చిక్కినప్పుడే ఆమె తన కాళ్లపై తాను నిలువగలదు. అందువలన కనకమ్మ స్త్రీలకు పుస్తకపు చదువుతో పాటు చేతిపనులు కూడ అలవడవలెనని తలచెను.

రెండవ కష్టము ధనము. సహాయనిరాకరణోద్యమ కాలమున పుట్టిన జాతీయ విద్యాలయములు సామాన్యముగా ప్రభుత్వ సహాయమును కోరెడివి కావు. అవి ప్రజల విరాళముల మీదనే బ్రతుకవలెను. పాఠశాల ఖర్చు పెండ్లి ఖర్చు వంటిది కాదు. పెండ్లి ఐదు దినములలో ముగియును. పాఠశాల ప్రతి దినము ఆకలిగొను బిడ్డ వంటిది. ఉపాధ్యాయులకు నెలనెలకు జీతమీయవలెను. ఇంటికి అద్దె కట్టవలెను. పలకలు, పుస్తకములు కొనవలెను. నిరుడు విరాళమిచ్చిన దాత ఈ యేడు మొగము చాటు చేయవచ్చును. పంటలు పోయిన యేడు ఇయ్యదలచినవాడును ఇయ్యలేడు. కాని పిల్లల చదువు ఒక్క నెల యైనను ఆగరాదు.

కనకమ్మ మొదట తన సొమ్మునే వెచ్చించెను. అది చాలనప్పుడు ఇతరులను అర్థింపవలసి వచ్చెను. ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండుట లోకసహజము. పుట్టినది మొదలు ఇచ్చుటయే గాని అడుగుట యెరుగని యింటి ఆడుపడుచు కనకమ్మ. అట్టి యామె విద్యాలయము కొఱకు చేయి క్రిందు చేసెను. ఇచ్చుటకు ధనమున్న చాలును. అడుగుటకు అభిమానమును చంపుకొనవలెను. పోతనామాత్యుని భాగవతమున వామనచరిత్రను చదివినవారికి ఈ విషయము క్రొత్త కాదు. లోకరక్షణ కొఱకు సాక్షాత్తు శ్రీహరియే బలిచక్రవర్తి ముందు చేయి చాచెను. తన కొఱకు అడుగుట యాచన. పరుల కొఱకు అడుగుట సేవ. ఈ భేదమును కనకమ్మ తన నడవడిచే చూపెను.

1929వ సంవత్సరమున గాంధీజీ ఖద్దరు నిధి కొఱకు ఆంధ్రదేశమున ఏప్రిల్, మే నెలలలో విస్తృతముగా పర్యటించెను. ఆ యెండలలో ఊరూర సభలు జరిగెను. స్త్రీలు తమ గాజులను, ఉంగరములను, గొలుసులను తీసి ఆయన చేతిలో పెట్టుచుండిరి. ఆ పర్యటనలోనే ఆయన నెల్లూరికి వచ్చి కస్తూరిదేవి విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసెను. అద్దె యింట పెరిగిన బడికి సొంత నేల మీద పునాదిరాయి పడుట కనకమ్మకు జీవితమున మరువరాని శుభదినము. అయితే పునాదిరాయి గోడ కాదు, కప్పు కాదు. ఆ రాతి మీద ఇటుక పేర్చుటకు మరల దాతల యిండ్లకు పోవలసినదే.

అది అట్లుండగా 1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. దేశము పిలిచినది, విద్యాలయమును పిలుచుచుండెను. రెండును ఆమెకు ప్రాణసమానములే. కనకమ్మ సత్యాగ్రహమున పాల్గొని చెఱసాలకు వెడలెను. 1932వ సంవత్సరపు శాసనోల్లంఘనమున మరల శిక్షపడెను. ఆమె అనుభవించిన కారాగారవాసము మొత్తము ఒక యేడాదికి మించినది. మేడలలో పెరిగిన స్త్రీ రాయవేలూరు చెఱసాలలో ముతక బట్టతో, రుచిలేని కూటితో దినములు గడపెను. నడుపు తల్లి చెఱలో నుండగా బడికి కష్టకాలము తప్పునా? విద్యాలయము పెక్కు ఆటుపోట్లకు లోనయ్యెను. కాని చెఱ నుండి బయటపడిన పిదప కనకమ్మ నిరాశపడి ఊరకుండలేదు. దానిని నిలబెట్టుటకు మరల నడుము బిగించెను. ఇంతలో జమీందారీ రైతుల కష్టములు ఆమె దృష్టికి వచ్చెను. వారి పక్షమున నిలిచిన జమీన్ రైతు పత్రికకు సైతము ఆమె అండగా నిలిచెను.

ఆమెకు బయటి కష్టములకన్న మిన్నయైన దుఃఖము ఇంటనే కలిగెను. ఏకైక కుమార్తె యౌవనముననే మరణించెను. కన్నబిడ్డను కోల్పోయిన తల్లిని ఓదార్చగల మాట లోకమున లేదు. ఆ దశలో ఆమె అరుణాచలమునకు పోయి రమణమహర్షి సన్నిధిని శాంతిని వెదకుకొనెను. భక్తిరచనలు చేసెను. కాని సంసారము మీది విరక్తి ఆమెను సేవ నుండి మరలింపలేదు. విద్యాలయమున చదువు బాలికలందరు ఆమెకు కుమార్తెలే యైరి. తల్లిలేని బిడ్డలు అనాథలని లోకమనును. బిడ్డలేని తల్లియు అట్టిదే. ఆ తల్లికి ఆ విద్యాలయమే దిక్కయ్యెను.

కాలము గడచుకొలది కనకమ్మ ఆస్తి కరగిపోయెను. ఆశ్రమమునకు, ఉద్యమమునకు, విద్యాలయమునకు ఇచ్చిన సొమ్ము తిరిగి వచ్చునది కాదు. ఒకప్పుడు పదిమందికి పెట్టిన యామె తుదకు సంపద లేని సామాన్య స్త్రీగా మిగిలెను. దాని కామె సేవను మానలేదు. స్త్రీలు చేసిన సేవలకు గుర్తుగా కె. ఎన్. కేసరి నెలకొల్పిన గృహలక్ష్మి స్వర్ణకంకణము ఆమెను వరించెను. దేశమునకు బంగారమిచ్చిన చేతికి తుదకు దక్కిన బంగారము అది.

జీవితపు చివరి భాగమున ఆమె తన జీవితచరిత్రను వ్రాసెను. 1963 సెప్టెంబరు 15వ తేదీన కనకమ్మ పరమపదించెను. ఆమె స్వీయచరిత్ర ఆమె గతించిన పెక్కేండ్లకు, 2011వ సంవత్సరమున, కనకపుష్యరాగము అను పేర పుస్తకముగా వెలువడెను. అదే 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో, భారతదేశమున ఏడేండ్లు దాటిన స్త్రీలలో చదువుకొన్నవారు నూటికి సుమారు 65 మందిగా తేలిరి. ఒక్కరైనను లేని స్థితి నుండి ఇందరు చదువుకొన్న స్థితికి దేశము దానంతటదియే రాలేదు. కనకమ్మ వంటివారు ఊరూర నిలిచి, ఒక్కొక్క బాలికను బడికి పిలిచి, ఒక్కొక్క రూపాయి అడిగి తెచ్చినందున వచ్చినది.

నెల్లూరిలో కస్తూరిదేవి విద్యాలయము నేటికిని కలదు. ప్రతి ఉదయము పుస్తకముల సంచులతో బడులకు పోవు బాలికలు తాము చదువుకొనుట వింత యని తలపరు. తలపవలసిన పనియు లేదు. చదువు వింత కాకుండ పోవలెననియే కనకమ్మ పాటుపడినది. తనకు దొరకని దానిని ఇతరులకు దొరకకుండ చేయువారు కొందరు. తనకు దొరకలేదు గనుకనే ఇతరులకు దొరకునట్లు చేయువారు కొందరు. కనకమ్మ ఈ రెండవ కోవకు చెందిన ధన్యురాలు.